పులి నిలబడిన మలుపు

కారు అద్దానికి కట్టిన ఎర్రగుడ్డ ఆడుతోంది, ఆగుతోంది, మళ్ళీ ఆడుతోంది, దాన్ని కట్టిన మనిషి మాత్రం కనపడడం లేదు. మా ఆవిడ తలుపు తీసుకుని దిగింది, నెమ్మదిగా వేసింది, చేతిసంచిలోంచి గుడ్డ తీసి డ్రైవరు పక్క అద్దానికి రెండు ముళ్ళు వేసింది, తల ఒక పక్కకి వంచి కాసేపు నిలబడింది, తరవాత రోడ్డు వార పిట్టగోడ విరిగినచోట చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని లోయలోకి దిగిపోయింది. నా మొహం చూడలేదు. అరవై ఏళ్ళ మనిషి, షుగరు మనిషి, పొద్దున ధమ్తరీలో ఇడ్లీ సగం తిని పక్కన పెట్టిన మనిషి, కాళ్ళకేమో హవాయి చెప్పులు, కేశ్‌కాల్ ఘాటీ ఏమన్నా మా రాయపూర్ తెలీబంధా చెరువుగట్టా, సాయంత్రం షికారుకి దిగడానికి? "ఎక్కడికే సుగుణా?" అన్నాను. గుడ్డ కట్టాక అడక్కూడదని తెలుసు, అయినా నోరు ఊరుకుంటుందా, నా నోరు ఎప్పుడు ఊరుకుంది కనక. ఆకులు కదిలాయి, తెల్లచీర ఒకసారి కనపడింది, ఇంకోసారి కనపడింది, రెండోసారిది చీరో వెదురు మీద ఎండో చెప్పలేను, తరవాత అంతా పచ్చదనమే. ఆ పచ్చదనంలోకి చూసి చూసి కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, అది ఎండకేలే, ఎండకే. పైన ఎక్కడో ఒక లారీ ఇరుసు విరిగి అడ్డం పడిందట, మా ముందు లారీలు, మా వెనక లారీలు, అందరూ ఇంజన్లు ఆపుకుని బీడీలు ముట్టించారు. అది బాగయ్యేలోపు వచ్చేస్తుందిలే. వచ్చి తన గుడ్డ తను విప్పుకుంటుంది. ఎప్పుడూ విప్పుకునేదే కదా.

"బాబాయ్, పిన్ని ఎటెళ్ళిపోనాదీ?" అన్నాడు కొండలరావు. మా టాక్సీ వాడు. వాళ్ళ నాన్న పలాస నుంచి వచ్చి రాయపూర్ టాటీబంధ్‌లో టైర్ల కొట్టు పెట్టాడు, వీడు అక్కడే పుట్టి, అక్కడే పెరిగి, హిందీలో కోప్పడి తెలుగులో బతిమాలతాడు. "ఈ లాల్ కపడా ఏటి, నా గాడీకి కట్టీసింది?"

"దాని మీద చెయ్యి వెయ్యకు."

"వేస్తే ఏటవుతాది?"

ఏమవుతుందో చెప్పాను, వాడికి చెబుతున్నట్టే చెప్పుకున్నాను గానీ అసలు నాకే చెప్పుకుంటున్నాను. మా రైల్వే వాగన్ల రిపేరు షాపులో మనిషి వాగను కిందికి దూరేముందు ఎర్రగుడ్డ కడతాడు. కట్టినవాడే విప్పాలి. పక్కవాడు విప్పకూడదు, మేస్త్రీ విప్పకూడదు, పెద్దసాహెబు దిగివచ్చినా విప్పకూడదు. గుడ్డ ఉందంటే కింద మనిషి ఉన్నట్టు, చక్రం వెంట్రుకవాసి తిరగడానికి వీల్లేదు. ఇద్దరు దిగితే రెండు గుడ్డలు, నలుగురు దిగితే నాలుగు, ఎవరి ప్రాణం వాళ్ళ గుడ్డలో. మా అమ్మిరాజు ఒకసారి మధ్యాహ్నం భోజనం చేసి వాగను కింద చల్లగా ఉందని నిద్రపోతే, ఆ ఒక్క గుడ్డకి రాయపూర్ నుంచి నాగపూర్ దాకా గూడ్సు బళ్ళన్నీ నిలబడిపోయాయి, బొంబాయిలో ఉప్పు ధర పెరిగింది. "సచ్చీ?" అన్నాడు కొండలరావు. సచ్చీ కాకపోతే ఏమిట్రా, ఉప్పు ధర నేనేమన్నా పెంచానా. ఆ గుడ్డ మా ఇంటికెలా వచ్చిందంటే, మా షాపువాళ్ళుండే డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో క్వార్టరు ఇచ్చిన కొత్తలో నేను వాగుతూ వాగుతూ వంటింటి గుమ్మంలో నిలబడితే, సుగుణ నా సంచిలోంచి గుడ్డ లాగి తలుపు గొళ్ళేనికి కట్టింది, "ఇది మీరు తియ్యడానికి వీల్లేదు, రూలు మీదే" అంది. ఆ రోజు నుంచి కోపమొస్తే గుడ్డ, ఏడుపొస్తే గుడ్డ. నేను అన్నం తినకుండా కూచున్నా, పాట పాడినా, పక్కింటి నాంచారమ్మ గోడ మీంచి తొంగి చూసి "ఏం అన్నయ్యా, ఇవాళ సిగ్నలు పడలేదా?" అని నవ్వినా, సుగుణ లోపల ఉండేది, నేను బయట ఉండేవాణ్ణి, ఆవిడకి ఎప్పుడు తియ్యాలనిపిస్తే అప్పుడు తీసేది. లోపల ఏం చేసేదో నాకు తెలియదు. అడగలేదు. రూలు.

రిటైరయ్యాక గుడ్డ ఎక్కడో పెట్టెలో పడుంటుందనుకున్నాను. ప్రయాణానికి సర్దుకున్న సంచిలో పెట్టుకుని వచ్చిందంటే ఏమనుకోవాలి? అంటే ముందే అనుకుందా? నేనేమో జంటగా కొండలూ కోనలూ తిప్పుతానని బయల్దేరదీశాను. మొన్న సిర్పూరులో ఇటుకల గుడి చూశాం, ఎర్రగా, నిటారుగా, అక్కడి కాపలావాడితో ఈ ఇటుకలు కాల్చింది మా ముత్తాత ముత్తాతే, రేపల్లె నుంచి బండి కట్టుకుని వచ్చాడని చెప్పాను, వాడు నమ్మి బీడీ ఇవ్వబోయాడు కూడా. సుగుణ కొంగు అడ్డం పెట్టుకుని, "వాళ్ళ వంశం కాల్చుంటే గోడ ఉండేది కాదు నాయనా, కబుర్లే ఉండేవి" అంది. ఎంత బాగా అంది! ఎంత బాగా నవ్వింది! ఇవాళ జగదల్‌పూరు, రేపు కాంగేర్ లోయ పార్కు, తీరథ్‌గఢ్ జలపాతం, కుటుంసర్ గుహలో కళ్ళులేని చేపలు. ఎక్కడికీ కదలని మనిషి, పక్కవీధి పెళ్ళికి కూడా మోకాళ్ళ నొప్పులనే మనిషి, నేను దారి చెబుతుంటే, "కేశ్‌కాల్ మీదుగానేనా?" అని అడిగింది. ఇంకో దారి లేదే అన్నాను. "అయితే వస్తాను" అంది. జలపాతం మీద మోజనుకున్నాను, వెర్రివాణ్ణి. కింద మలుపు దగ్గర తేలిన్ మాత గుడి ముందు లారీలన్నీ ఆగినట్టే కొండలరావూ ఆగి, కొబ్బరికాయ కొట్టి, మాత ఎర్ర చున్నీ తెచ్చి కారు లోపల అద్దానికి కట్టుకున్నాడు. వాడొచ్చేదాకా సుగుణ కళ్ళు మూసుకుని తన ప్రార్థన తను చేసుకుంది. కళ్ళు తెరిచి, "ఎక్కడ?" అంది. అంతే, ఒక్క మాట. నేను కొండలరావు భుజం తట్టి, "ఇదిగోరా, ఇక్కడే పులి నిలబడింది" అని మొదలెట్టాను.

పులి కథ నాకు అయిదో తరగతి ఎక్కాలకన్నా బాగా వచ్చు. చింతపండు లారీ. డ్రైవరు సూర్యారావు, విజయనగరం మనిషి. వానాకాలం. ఘాటీ దిగుతున్నాం, మలుపు తిరిగేసరికి రోడ్డుకి అడ్డంగా పులి. పులా అది, పులులన్నిటికీ మేనమామ. తల ఈ గోడ మీద, తోక ఆ గోడ మీద. కళ్ళు లాంతర్లు. ఒంటి మీద చారలు వెదురుగడల్లా నిలువుగా. గుర్రుమంటోంది, ఆగకుండా, ఊపిరి తీసుకోకుండా, గుర్ర్ మంటూనే ఉంది. సూర్యారావు స్టీరింగు కింద దూరాడు. నేను దిగాను. చేతులు జోడించి, "నాయనా, మాది గుంటూరు జిల్లా, మా ఒంట్లో రక్తం తక్కువ, కారం ఎక్కువ, నీ కడుపుకి పడదు" అన్నాను. పులి ఆలోచించింది. మీసం దువ్వుకుంది. లారీలో ఏముందని అడిగింది. చింతపండన్నాను. పులికి మొహం వికారమైంది, పక్కకి తప్పుకుంది. ఈ కథకి షాపులో నవ్వనివాడు లేడు, చర్చిలో క్రిస్మస్ విందులో పాదిరిగారు మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నారు. ఇవాళా కొండలరావు పడీ పడీ నవ్వాడు. నవ్వుతూనే తరవాతి మలుపు తిరిగాడు, అక్కడ ఒక మద్దిచెట్టు వంగి ఉంది, అది చూసి నా నోరు, నా పాడు నోరు, "ఆగాగు, అక్కడ కాదురా, ఇక్కడ, ఇదిగో ఇక్కడ పులి" అంది.

రెండు మలుపులు. రెండు పులులు. సుగుణ నావైపు తిరిగింది. ముప్పై ఏళ్ళు దాటిన కాపురంలో నన్ను అలా చూడలేదు. కోపంగా చూసినా బాగుండేది. దీపం ఆరిపోయిన ఇంట్లో మనిషి కోసం తడుముకున్నట్టు చూసింది. ఇంకో మలుపు తిరిగాం, లారీలు ఆగిపోయి ఉన్నాయి, ఇంజన్లన్నీ ఆగాయి, ఆవిడ దిగింది.

ఆవిడకి తెలిసిపోయింది. ఆ చోటు నాకు గుర్తులేదని తెలిసిపోయింది. పులి మీసంతో సహా చెప్పగలను, ఆ చోటు చెప్పలేను. ఆవేళ దిగుతూ వచ్చాం, ఇవాళ ఎక్కుతున్నాం, అప్పుడు రాత్రిలాంటి వాన, ఇప్పుడు దసరా దాటిన ఎండ, అప్పుడు సన్నటి రోడ్డు, ఇప్పుడు వెడల్పు చేశారు, గోడలు కట్టారు, పన్నెండు మలుపుల్లో అన్నీ ఒకలాగే ఉన్నాయి ప్రభువా. నేనొక్కణ్ణే కదా చూసింది. ఆవిడ చూడలేదు. ఆవిడ చింతపండు బస్తాల మీద పడుకుని ఉంది. నేను మర్చిపోతే ఇంకెవరు చెబుతారు? సూర్యారావు ఎప్పుడో పోయాడు.

పాం పాం పాం. పైన కదిలారు. ముందు లారీ పొగ వదిలి ముందుకు జరిగింది, దాని ముందుది జరిగింది, మా ముందు రోడ్డు ఖాళీ. వెనక నుంచి హారన్లు. "బాబాయ్, జామ్ ఖుల్ గయా, గాడీ తియ్యాల," అన్నాడు కొండలరావు. వద్దన్నాను. "రెండు గజాలు పక్కకి జరుపుతాను, అంతే, దారొదిల్దుము." రెండు గజాలూ వద్దు, రెండు అంగుళాలూ వద్దు, గుడ్డ ఉంది. "అది వాగన్లకి బాబాయ్! ఇది అంబాసిడరు!" వాడు సెల్ఫు కొట్టాడు, ఇంజను దగ్గింది, నేను దిగిపోయి బానెట్టు ముందు నిలబడ్డాను. రెండు చేతులూ బానెట్టు మీద పెట్టాను, వేడిగా ఉంది, ఉండనీ. పక్కకి జరిపితే, ఆవిడ ఆ సందులోంచి పైకొచ్చి చూస్తే, కారు ఉన్నచోట లేకపోతే? నన్ను ఇక్కడ ఒంటరిగా వదిలి వెళ్ళాడనుకోదూ, ఒకసారి ఇక్కడ ఒకళ్ళని వదిలే కదా వెళ్ళాం. వెనక లారీలోంచి ఒకడు దిగాడు, మెడలో తువ్వాలు, చేతిలో ఇనుప రాడ్డు, "అరే బుడ్ఢే, గాడీ హటా! సడక్ తేరే బాప్ కీ హై క్యా?" అని మీదకొచ్చాడు. వాడి వెనక ఇంకొకడు, వాడి వెనక ఇంకో ఇద్దరు. గుడ్డ మీద చెయ్యి వెయ్యబోయాడు. ఆ గుడ్డ ఊడితే ఆవిడ ఇక పైకి రాదు, అది నాకెందుకు తోచిందో తెలియదు, తోచింది. నాకు బలం లేదు, హిందీ కూడా కోపానికి సరిపడా రాదు. ఉన్నది నోరొకటే. నోరే ముందుకు దూకింది.

"శేర్!" అన్నాను, లోయకేసి వేలు చూపించి. "నీచే శేర్ హై! హారన్ మారేగా తో ఊపర్ ఆయేగా!"

కింద పులుంది, హారను కొడితే పైకొస్తుంది అనేసరికి రాడ్డువాడు ఆగిపోయాడు. వెనకవాడు ఒకడుగు వెనక్కి వేశాడు. ఎవడో "ఏ, చుప్! హారన్ బంద్ కర్!" అని కేక వేశాడు, ఆ కేక లారీ లారీకీ పాకింది, "శేర్ హై, శేర్ హై," తలుపులు ధన్ ధన్ మూసుకున్నాయి, అద్దాలు పైకి లేచాయి, ఇంజన్లు ఒకదాని తరవాత ఒకటి ఆగిపోయాయి, కొండలరావు సీటులోనే కుదించుకుపోయి మాత చున్నీ పట్టుకున్నాడు. గెలిచాననుకున్నాను, ఒక్క క్షణం. ఆ తరవాత గుర్తొచ్చింది. కింద ఉన్నది సుగుణ కదా. నిజంగానే పులుంటే? ఎలుగుబంటి ఉంటే? ముప్పై ఏళ్ళు నేను పిలిచి పిలిచి పెంచిన పులి ఇవాళ నిజంగా వచ్చి కూర్చుని ఉంటే? నా పులికి నేనే భయపడ్డాను. అంత పొడుగు ఘాటీలో చప్పుడు లేదు. ఆ నిశ్శబ్దంలో రాడ్డువాడు నోరు తెరుచుకుని, కనుగుడ్లు తిప్పి, గుసగుసగా అన్నాడు: "సున్. గుర్రా రహా హై."

షాపులో సుత్తుల మోతకి నాకు కుడిచెవి ఎప్పుడో పోయింది. ఎడమచెవి లోయవైపు తిప్పాను. తల పక్కకి వంచాను, ఆవిడ వంచినట్టే. గుర్ర్. లోపల్నించి, వెదుళ్ళ కిందనించి, ఆగకుండా, ఊపిరి తీసుకోకుండా.

ఏ పులీ ఊపిరి తీసుకోకుండా గుర్రుమనదు. అయ్యో. అయ్యో, అది నీళ్ళు. రాళ్ళ మధ్య పడుతున్న నీళ్ళు. పులి కళ్ళన్నానే, అది సూర్యారావు పట్టుకున్న లారీ లాంతరు. నిలువు చారలు ఆ లాంతరు వెలుగులో వెదురుగడలు. ఆవేళ వాన కొద్దిగా తగ్గింది, ఆవిడ నర్సుగా ఉన్న జగదల్‌పూర్ మిషన్ ఆసుపత్రి నుంచి ఆవిడని పురిటికి రాయపూర్ తీసుకొస్తున్నాను, బస్సు పోయింది, చింతపండు లారీ దొరికింది, ఏడో నెల, ఘాటీలో నొప్పులొచ్చాయి, లారీ ఆగిపోయింది, ఆవిడే నర్సు, ఆవిడే బాలింత, నన్ను వెనక్కి తిరగమంది, తిరిగాను. ఏడుపు వినపడలేదు. ఎంతసేపటికీ వినపడలేదు. డ్యూటీ చీర చింపి చుట్టి నా చేతుల్లో పెట్టి, "చల్లని చోట పెట్టండి" అంది. సూర్యారావు లాంతరు పట్టాడు, జాకీ రాడ్డుతో నేల తవ్వాను, మెత్తగా ఉంది, చేతులతో కప్పాను, రాళ్ళు పేర్చాను. పక్కనే నీళ్ళు గుర్రుమంటున్నాయి. అందులో చేతులు కడుక్కున్నాను. ఇదంతా ఎక్కడికి పోయింది ఇన్నాళ్ళూ? రాయపూర్ ఆసుపత్రిలో ఆవిడ గోడవైపు తిరిగి పడుకుని మాటా లేదు మెతుకూ లేదు, ఎవరో డాక్టరు ఆలస్యమెందుకైందని అడిగితే, నేను, భయంతో, ఆవిడ పోతుందేమోనన్న భయంతో, "దారిలో పులండీ" అన్నాను. ఆవిడ పెదవి చివర కదిలింది. అది చూశాను. ఆ కదలిక కోసం మళ్ళీ చెప్పాను. తోక తగిలించాను, మీసం తగిలించాను. మర్నాడు "పులి సంగతి చెప్పండి" అని తనే అడిగింది, రెండు చెంచాల గంజి తాగింది. ఆ గంజి కోసం కట్టిన పులి అది. అది పెద్దదై, నన్నే మింగి, చోటుని కూడా మింగేసిందనుకున్నాను. లేదు. దాని గొంతులో దాచిపెట్టింది. చింతపండు మాత్రం మా ఇంటికి మళ్ళీ రాలేదు, కాలనీలో నిమ్మకాయతో చారు కాచే తెలుగిల్లు మాదొక్కటే, వాళ్ళంతా పైత్యమనుకున్నారు.

"కొండలరావూ, ఆ చున్నీ ఇయ్యి."

"మాత చున్నీ బాబాయ్!"

"మాతదే కనక అడుగుతున్నా. మళ్ళీ ఇస్తాను. ఎర్రగా ఉంది, అదీ నాకు కావలసింది."

వాడు నా మొహం చూసి, కళ్ళకద్దుకుని విప్పి ఇచ్చాడు. సుగుణ గుడ్డ పక్కన కట్టాను. మొదటిసారి ముడి పడలేదు, మళ్ళీ వేశాను. ముప్పై ఏళ్ళు గుమ్మం బయట నిలబడ్డాను. ఆవిడ గుడ్డ విప్పకూడదనే రూలు గుర్తుంది గానీ, రెండోవాడు తన గుడ్డ కట్టుకుని కిందికి దిగొచ్చన్న రూలు, రోజూ షాపులో చేసిన పనే, ఇంట్లో ఒక్కరోజు తోచలేదు.

"పులుందన్నావు కదా, ఎలాగెళ్తావు?" అన్నాడు కొండలరావు, ఏడుపు గొంతుతో.

"అది మా పులేరా."

పిట్టగోడ సందులోంచి దిగాను. ఆకులు జారుతున్నాయి, వెదురు పట్టుకుని ఒక్కో అడుగూ వేస్తున్నాను, ఒక చెప్పు కనపడింది, హవాయి చెప్పు, నీలం పట్టీ, ఒక్కటే, బోర్లాపడి. ప్రభువా. రెండోది కనపడేదాకా ఊపిరి ఎక్కడుందో నాకు తెలియదు. రెండోది నీళ్ళ పక్కన బండ మీద ఉంది, దాని పక్కన ఆవిడ కూచుని ఉంది, పాదాలు నీళ్ళలో పెట్టుకుని. మోచెయ్యి గీసుకుపోయింది. వెనక్కి తిరగలేదు, నా అడుగుల చప్పుడు ఆవిడకి తెలుసు.

"ఆవేళ మీరు లారీ ఎక్కొచ్చి నా నుదుటి మీద చెయ్యేశారు" అంది. "తడిగా ఉంది. ఐసులాగా ఉంది. వానకి తడిస్తే అంత చల్లగా ఉండదు, పారే నీళ్ళయితేనే ఉంటది. ఇన్నేళ్ళూ అదే అనుకుంటా ఉన్నా. ఎక్కడో నీళ్ళ పక్కన పెట్టొచ్చారని. ఇందాక బళ్ళన్నీ ఆగినాక ఇనపడింది." నావైపు తిరిగింది. "ఇదేనా?"

చూశాను. వెదుళ్ళు. రాళ్ళు, పేర్చినవో దొర్లినవో. ముప్పై వానలు కడిగిన నేల. నా కళ్ళకి ఏమీ తెలియలేదు. నా నోరు, ఎన్నడూ తడుముకోని నోరు, తెరుచుకుని అలాగే ఉండిపోయింది. అవునంటే చాలు, ఆవిడ నమ్ముతుంది. అందుకే అనలేకపోయాను. వంగి రెండు చేతులూ నీళ్ళలో పెట్టాను. ఎముకల దాకా జివ్వుమంది. తీసి, తుడుచుకోకుండా, ఆవిడ నుదుటి మీద పెట్టాను.

ఆవిడ కళ్ళు మూసుకుంది. నీళ్ళు కనుబొమల మీంచి చెంపల మీదికి జారాయి, వాటిలో ఏవి వాగువో ఏవి కావో నేను చూడలేదు.

"ఇదే" అంది.

పైన ఒక హారను మోగి, భయపడి, ఆగిపోయింది. సుగుణ ఉలిక్కిపడి తలెత్తింది. "బండి తీసేస్తారేమో. ఒక్క గుడ్డే కట్టి వచ్చా."

"రెండున్నాయిలే" అన్నాను, బండ మీద ఆవిడ పక్కన చోటు చేసుకుంటూ.